మోకాళ్ళు మనసుకు నేర్పేది

శ్రోతలకు నమస్కారం. ఈ మాట రేడియోలో వినిపించినప్పుడు చెప్పేవాళ్ళ చేతులు మీకు కనబడవు. అవి జోడించి ఉన్నాయో, కాగితం పట్టుకుని ఉన్నాయో మీకు తెలిసే వీలు లేదు. అయినా నమస్కారం అన్న మాటలోనే వంగడం ఉంది. మనిషి గౌరవాన్ని ముందు ఒంటితో చెప్పి, ఆ తర్వాతే నోటితో చెప్పడం నేర్చుకున్నాడని ఆ మాట గుర్తుచేస్తుంది. ప్రార్థన సంగతీ అంతే. మన ఊళ్ళలో ఏ చర్చికి వెళ్ళినా ప్రార్థనకు ముందు వినబడే మాటలు ఒంటికి చెప్పే మాటలే. తలలు వంచుదాం అంటారు, కళ్ళు మూసుకుందాం అంటారు, మోకరిద్దాం అంటారు, చేతులెత్తి స్తుతిద్దాం అంటారు. ఆ తర్వాతే దేవునితో మాటలు మొదలవుతాయి. ఎందుకలా? దేవుడు హృదయాన్ని చూసేవాడైనప్పుడు మన మోకాళ్ళతో ఆయనకేం పని? పోనీ, మోకాళ్ళూనడమే భక్తి అయితే, చేతికర్ర లేనిదే నాలుగడుగులు వెయ్యలేని ముసలితల్లి భక్తి ఏమైపోవాలి? క్రైస్తవ ప్రార్థనలో ఒంటికీ మనసుకీ ఉన్న ఈ సంబంధాన్ని గురించి ఈవేళ ఆలోచిద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రార్థనలో మన భంగిమ దేవునికి చూపించే రుజువు కాదు, సాటి మనిషికి చూపించే గుర్తు అసలే కాదు. మన మనసుకు మనం చేసుకునే సాయం. సాయంగా ఉన్నంతకాలం అది వరం. రుజువుగా మార్చుకున్న రోజున అదే ఉచ్చు.

ముందు బైబిలు ఏం చూపిస్తుందో చూద్దాం. ప్రార్థన ఇలాగే చెయ్యాలని ఒకే ఒక్క భంగిమను ఖాయం చేసిన ఆజ్ఞ అందులో లేదు. యెరూషలేము దేవాలయాన్ని ప్రతిష్ఠించిన రోజున సొలొమోను బలిపీఠం ఎదుట నిలబడి ఆకాశం వైపు చేతులు చాపాడని రాజుల మొదటి గ్రంథం ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ప్రార్థన ముగిసేసరికి అతను మోకాళ్ళ మీద నుంచి లేచాడని కూడా అదే అధ్యాయం చెబుతుంది. నిలబడి మొదలుపెట్టిన రాజు మోకాళ్ళ మీదికి వచ్చాడన్నమాట. తన వంశాన్ని గురించి నాతాను ప్రవక్త తెచ్చిన వాగ్దానం విన్న దావీదు వెళ్ళి దేవుని సన్నిధిలో కూర్చున్నాడు. కర్మెలు కొండ మీద ఏలీయా నేలకు వంగి తన ముఖాన్ని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. చావు దగ్గరపడిందన్న కబురు విన్న హిజ్కియా ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. షిలోహులో హన్నా ప్రార్థిస్తుంటే పెదవులు కదిలాయే గాని గొంతు వినబడలేదు. అది చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. ఇక్కడ కాస్త ఆగాలి. ఏలీ ఆ మందిరానికి పెద్ద. ఎందరి ప్రార్థనలనో చూసి పండిపోయినవాడు. అంతటివాడు కూడా ఒంటిని చూసి గుండెను అంచనా వెయ్యబోయి పొరబడ్డాడు. మన పక్కవాడు కళ్ళు మూశాడా, చేతులెత్తాడా, ఆమెన్ గట్టిగా అన్నాడా అని లెక్కవేసే అలవాటు ఉన్నవాళ్ళకు ఈ ఒక్క సంఘటన చాలు.

అలాగని ఒంటికి లెక్కే లేదని బైబిలు అనదు. ఇప్పుడు చెప్పుకున్నవాళ్ళలో ఏ ఒక్కరూ ఒంటిని గడప బయట విడిచి మనసుతో మాత్రమే లోపలికి వెళ్ళలేదు. ఎవరి ఒళ్ళు వాళ్ళ స్థితికి తగిన మాట పలికింది. ఊహించని మేలు విన్నవాడు కూర్చుండిపోయాడు. చావు కబురు విన్నవాడికి మనుషుల ముఖాలు చూడబుద్ధి కాక గోడే దిక్కయింది. హెబ్రీ భాషలో ఆరాధించడం అనే అర్థంలో తరచుగా వచ్చే క్రియకు అసలు అర్థం నేలకు వంగడమే. మన తెలుగు బైబిలులో దానికి సాగిలపడడం అనే చక్కని మాట ఉంది. ఆ మాటకొస్తే మన భాషలో మనసును గురించి మాట్లాడాలంటే ఒంటిని పిలవక తప్పదు. తప్పు చేసినవాడు తల దించుకుంటాడు. పరువు నిలబెట్టుకున్నవాడు తలెత్తుకు తిరుగుతాడు. పనికి సిద్ధపడినవాడు నడుం కడతాడు. ఇక తన వల్ల కాదన్నవాడు చేతులెత్తేస్తాడు. ఎత్తిన చేతుల్నే తీసుకోండి. ఓటమి ఒప్పుకున్నవాడి చేతులు అలాగే లేస్తాయి, పెద్దల ముందు దణ్ణం పెట్టేవాడి చేతులూ అలాగే లేస్తాయి. ఇంకా మాటలు రాని ఏడాది పిల్ల అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి, ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాస్తుంది. వేళ్ళు విప్పారి ఉంటాయి, మునివేళ్ళ మీద ఒళ్ళంతా పైకి సాగుతుంది. ఆ పిల్లకు చేతులే మాట. ప్రార్థనలో చేతులెత్తడంలో ఈ మూడూ ఉన్నాయి: నా వల్ల కాదు, నువ్వు పెద్దవాడివి, నన్ను ఎత్తుకో. నోటితో చెప్పాలంటే పది వాక్యాలు పట్టేదాన్ని రెండు చేతులు ఒక్కసారిగా చెప్పేస్తాయి.

అయితే ఒళ్ళు ఎంత చక్కగా మాట్లాడగలదో అంత చక్కగా అబద్ధమూ ఆడగలదు. సువార్తల్లో ఒకే రాత్రి, ఆ మర్నాటి పగలు జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. గెత్సేమనే తోటలో యేసు శిష్యులకు కాస్త దూరంగా వెళ్ళి మోకాళ్ళూనాడని లూకా రాశాడు. నేలమీద పడి ప్రార్థించాడని మత్తయి, మార్కు రాశారు. కొన్ని గంటలు గడిచాయి, తెల్లవారింది. రోమా సైనికులు ఆయనకు రాజవస్త్రం తొడిగి, ముళ్ళ కిరీటం తలకు అదిమి, రెల్లుకర్రతో కొట్టి, ఉమ్మేసి, ఆయన ఎదుటే మోకాళ్ళూని వంగారు. అవే మోకాళ్ళు, అదే వంగడం. ఒకచోట అది ప్రపంచంలోని విధేయతంతా ముద్దకట్టిన ప్రార్థన, ఇంకోచోట గేలి. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. దేవాలయానికి వెళ్ళిన ఇద్దరి ఉపమానం కూడా ఇదే చెబుతుంది. పరిసయ్యుడూ నిలబడ్డాడు, సుంకరీ నిలబడ్డాడు. మొదటివాడు ప్రార్థనలోనే పక్కవాడితో తనను పోల్చుకున్నాడు. రెండోవాడు దూరంగా నిలిచి, కళ్ళు పైకెత్తడానికి కూడా ధైర్యం చాలక, రొమ్ము కొట్టుకుంటూ కరుణ ఒక్కటే అడిగాడు. నీతిమంతుడిగా ఇంటికి తిరిగివెళ్ళింది ఈ రెండోవాడే. నిలబడడం ఒకరిని రక్షించలేదు, ఇంకొకరిని ముంచలేదు.

వీధి మూలల్లో నిలబడి ప్రార్థించడం ఇష్టపడేవాళ్ళను యేసు తప్పుపట్టింది కూడా నిలబడినందుకు కాదు. ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరిమీదనైనా కోపముంటే క్షమించమని చెప్పింది ఆయనే. తప్పు భంగిమలో లేదు, మూలలో ఉంది. రెండు వీధులు కలిసే చోట చూసేవాళ్ళు ఎక్కువ. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని అందుకే అన్నాడు. అలాగైతే దానియేలు మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. ముప్ఫై రోజులపాటు రాజుకు తప్ప ఎవరికీ విన్నపం చెయ్యకూడదని శాసనం వెలువడ్డాక కూడా ఆయన యెరూషలేము వైపు తెరిచి ఉన్న కిటికీల దగ్గర మోకరించాడు కదా, అది చూపించుకోవడం కాదా? గ్రంథం అక్కడ ఒక చిన్న మాట జోడిస్తుంది: ఆయన అంతకుముందు చేస్తూ వచ్చినట్టే చేశాడు. ఎవరో చూడాలని ఆ రోజు తెరిచిన కిటికీ కాదది. ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీని ఆ రోజు మూసి ఉంటే, అదే మనుషుల కోసం చేసిన పని అయ్యేది. కాబట్టి తలుపు వెయ్యడం, కిటికీ తెరవడం రెండూ భక్తి కావచ్చు, రెండూ నటన కావచ్చు. ఎవరి కళ్ళకోసం అన్నదే ప్రశ్న.

తొలి శతాబ్దాల క్రైస్తవులు ఈ విషయాన్ని చాలా శ్రద్ధగా పట్టించుకున్నారు. రోమ్‌లో ప్రిస్కిల్లా పేరు మీద ఉన్న భూగర్భ సమాధుల్లో మూడో శతాబ్దపు చిత్రం ఒకటుంది. తలమీద ముసుగు వేసుకున్న ఒక స్త్రీ, నిలబడి, రెండు చేతులూ ఇరుపక్కలా ఎత్తి, కళ్ళు పైకెత్తి ప్రార్థిస్తుంటుంది. ఇలా చేతులు చాచి నిలబడిన బొమ్మలు ఆనాటి సమాధుల గోడలమీద ఎన్నో ఉన్నాయి. 325లో నైసియాలో కూడిన సభను మనం విశ్వాస ప్రమాణం కోసం గుర్తుపెట్టుకుంటాం. ఆ సభ చేసిన ఇరవై నియమాల్లో చిట్టచివరిది ప్రార్థనా భంగిమ గురించే. ఆదివారాల్లోనూ, ఈస్టరు నుంచి పెంతెకొస్తు దాకా ఉన్న రోజుల్లోనూ మోకాళ్ళూనకుండా నిలబడి ప్రార్థించాలని ఆ నియమం. మనకు ఇది వింతగా తోస్తుంది, మోకరించడమే ఎక్కువ వినయమని మన లెక్క గనుక. వాళ్ళ లెక్క వేరు. ఆదివారం ప్రభువు సమాధిలోంచి లేచిన రోజు. లేచినవాడి ప్రజలు లేచి నిలబడాలి. అదే శతాబ్దంలో కైసరియ బిషప్పు బాసిల్ ఈ రెంటినీ కలిపి అర్థం చెప్పాడు. మోకాళ్ళమీదికి వంగిన ప్రతిసారీ పాపం వల్ల పడిపోయామని ఒప్పుకుంటున్నాం, పైకి లేచిన ప్రతిసారీ దేవుని దయ మనల్ని తిరిగి పిలిచిందని ఒప్పుకుంటున్నాం అన్నాడు. వంగడంలో పతనం, లేవడంలో పునరుత్థానం. సువార్త సారమంతా ఒకసారి మోకరించి లేచే ఆ కాస్త సమయంలో ఇమిడిపోయింది. చదువురాని మనిషికి కూడా అర్థమయ్యే బోధ ఇది.

ఈ బోధ ఎలా పనిచేస్తుందో వివరించినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్. సుమారు 421లో, చనిపోయినవారి పట్ల చూపాల్సిన శ్రద్ధను గురించి రాసిన చిన్న పుస్తకంలో ఆయన ఈ ప్రశ్న ఎత్తుకున్నాడు. మోకాళ్ళూ చాచిన చేతులూ చూస్తే తప్ప మన మనసు తెలుసుకోలేనివాడు కాదు దేవుడు. ఇవన్నీ మనిషి తనను తాను ప్రార్థనకు పురికొల్పుకోవడానికే అన్నాడు. ఆ తర్వాత ఒక లోతైన సంగతి గమనించాడు. లోపల మనసు కదలనిదే ఒళ్ళు కదలదు. కాని ఒకసారి ఒళ్ళు కదిలాక, ఆ కదలిక తిరిగి మనసును ఇంకా ఎక్కువ కదిలిస్తుంది. ఇది మన ఇళ్ళలో రోజూ జరిగేదే. పెద్దాయన గుమ్మంలోకి రాగానే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. గౌరవం పూర్తిగా ఊరిన తర్వాత తీరిగ్గా లేవరు. లేవడంతోనే చేతిలోని పని ఆగుతుంది, గొంతు తగ్గుతుంది, చూపు ఆయనవైపు తిరుగుతుంది, గౌరవం వచ్చి కూర్చుంటుంది. చంటిపిల్లలకు దణ్ణం పెట్టడం ముందు నేర్పుతాం, దాని అర్థం వాళ్ళే పెరిగి తెలుసుకుంటారు. అదే సమయంలో, ఈ సాయానికి హద్దుందని కూడా ఆనాటివాళ్ళకు తెలుసు. ఐగుప్తు ఎడారి సన్యాసుల ప్రార్థనను వర్ణించిన జాన్ కసియన్, వాళ్ళు నేలమీద సాగిలపడి వెంటనే లేచేవారని రాశాడు. ఎక్కువసేపు పడుకునే ఉంటే మనసు చెదురుతుందని, నిద్ర ముంచుకొస్తుందని వాళ్ళ భయం. భంగిమను ఎంత ప్రేమించారో అంత జాగ్రత్తగా కనిపెట్టి ఉన్నారు. మనసుకు సాయపడినంతసేపే దాన్ని వాడుకున్నారు.

ఇక్కడ నిజాయితీ ఉన్న మనిషి ఒక అభ్యంతరం చెబుతాడు. మనసు రాయిలా ఉన్నప్పుడు మోకరిస్తే అది వేషధారణ కాదా, మనసు వచ్చినప్పుడే చెయ్యడం నిజాయితీ కాదా అంటాడు. ఈ మాటకు బరువుంది, తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. కాని వేషం వెయ్యడానికీ సాధన చెయ్యడానికీ తేడా ఉంది. లేనిది ఉన్నట్టు ఎదుటివాడిని నమ్మించాలని చూసేవాడు వేషగాడు. లేదని తనకు తెలిసి, అది రావాలని చేతనైనది చేసేవాడు సాధకుడు. పొద్దున్నే వీణ ముందు కూర్చునే విద్యార్థికి ప్రతిరోజూ సంగీతం మీద ప్రేమ పొంగుతుందా? అయినా కూర్చుంటుంది. వేళ్ళు తీగల మీద నడుస్తుండగా ఏదో ఒక క్షణంలో రాగం ఆమెను పట్టుకుంటుంది. కూర్చోకపోతే ఆ క్షణం ఎప్పటికీ రాదు. ఎండిపోయిన మనసుతో మంచం పక్కన మోకరించి, ప్రభువా, నా దగ్గర ఇవ్వడానికి ఈ మోకాళ్ళు తప్ప ఇంకేమీ లేవు అనేవాడు అబద్ధమాడడం లేదు. తనకున్నది ఇంతేనని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటున్నాడు. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విన్ బయటి ఆచారాలను ఎంతో కఠినంగా వడపోసినవాడు. ఆయన కూడా మోకరించడాన్ని, తల మీది కప్పు తీయడాన్ని దేవుని పట్ల భక్తి పెంచుకోవడానికి చేసే అభ్యాసాలుగా చెప్పాడు. అభ్యాసం అన్న మాట సరిగ్గా కుదిరింది.

రెండో అభ్యంతరం ఇంకా బాధతో వస్తుంది. మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళు, పక్షవాతంతో మంచం పట్టినవాళ్ళు, ఆసుపత్రిలో గొట్టాల మధ్య కదల్లేనివాళ్ళు ఏమవ్వాలి? వాళ్ళ ప్రార్థనకు ఒక మెట్టు తక్కువా? దీనికి సమాధానం చాలా పాతది. సుమారు 233లో ప్రార్థన గురించి పుస్తకం రాసిన ఓరిజెన్, చేతులు చాచి కళ్ళెత్తి నిలబడడమే మేలని చెబుతూనే, కాళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు కూర్చుని, జ్వరంలో ఉన్నవాళ్ళు పడుకుని ప్రార్థించవచ్చని రాశాడు. దేవుని వాక్యం అంతకన్నా పెద్ద సాక్ష్యం ఇస్తుంది. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల కాళ్ళు బొండలో బిగించి ఉన్నాయి. మోకరించే దారి లేదు, లేచి నిలబడే దారి లేదు. అర్ధరాత్రి వాళ్ళు ప్రార్థించారు, పాడారు. సిలువమీద యేసు పక్కన వేలాడిన దొంగ తనను జ్ఞాపకం చేసుకోమని అడిగాడు. అతను చేతులు జోడించలేడు, మోకాళ్ళు వంచలేడు, రొమ్ము కొట్టుకోలేడు. తల తిప్పి చూడడం ఒక్కటే అతనికి మిగిలింది. పరదైసు వాగ్దానం అందుకున్నది ఆ ప్రార్థనే. కాబట్టి కదల్లేని తల్లి దిండుమీద కళ్ళు మూసుకుంటే, ఆ రెప్పలు వాలడమే ఆమె మోకరించడం. అయితే ఈ ఓదార్పును ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు బద్ధకానికి అడ్డుపెట్టుకోకూడదు. దేవుడు మనమివ్వలేనిది అడగడు. ఇవ్వగలిగింది అట్టేపెట్టుకుంటే ఎందుకని అడుగుతాడు.

మూడోది మన మధ్య తరచుగా వచ్చే తగవు. చాప మీద కూర్చోవడమా, బల్ల మీద కూర్చోవడమా? చేతులు జోడించాలా, పైకెత్తాలా? ఏది మనది, ఏది బయటిది? మన ఊరి ప్రార్థన కూటాన్ని ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. చెప్పులు అరుగు కింద ఉంటాయి. చాపలు పరిచి ఉంటాయి. ప్రార్థన అనగానే ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుంటారు, కూర్చున్నచోటే ముందుకు వంగుతారు. ఇందులో ఎంత పలనాటిదో, ఎంత పాలస్తీనాదో విడదీయలేం. చెప్పులు విప్పమన్న మాట మండుతున్న పొద దగ్గర మోషే విన్నదే. భారతదేశంలోని కథోలిక ఆరాధనలో నేలమీద కూర్చోవడానికి, పాదరక్షలు విడవడానికి, అంజలి ఘటించడానికి, పంచాంగ ప్రణామానికి 1969 ఏప్రిల్ 25న రోమ్ ఆమోదం తెలిపింది. జోడించిన చేతులు మనవే అనుకుంటాం గాని, ఐరోపాలో మధ్యయుగాల నుంచి అవే ప్రార్థనకు గుర్తు. సామంతుడు తన జోడించిన చేతులను ప్రభువు చేతుల్లో పెట్టి నీవాడినని చెప్పే ఆచారంతో చాలామంది చరిత్రకారులు దాన్ని ముడిపెడతారు. ఎక్కడైనా మనిషి ఒళ్ళు ఒకటే. తగవు పడేకన్నా, నేను చేసే ఈ పని నా మనసుతో ఏం చెబుతోంది అని ఎవరికివాళ్ళు ప్రశ్నించుకోవడం మేలు. ఏమీ చెప్పకపోతే, అది ఎంత పాత ఆచారమైనా మూగబోయినట్టే.

చివరగా, ఒంటికీ మనసుకీ పొత్తు కుదిరిందో లేదో తెలిసేది ఎక్కడ? మోకాళ్ళ మీద ఉన్నప్పుడు తెలియదు, లేచాక తెలుస్తుంది. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో దేవుడు, చాచిన చేతులను చూడనని కళ్ళు తిప్పుకుంటాడు. చేతులు చాచిన తీరులో లోపం లేదు, వాటికి నెత్తురు అంటి ఉంది. తండ్రిలేని బిడ్డకు న్యాయం చెయ్యమని, విధవరాలి పక్షాన మాట్లాడమని ఆ అధ్యాయమే కోరుతుంది. పౌలు తిమోతికి రాస్తూ, ప్రార్థనలో ఎత్తే చేతులు పవిత్రమైనవై ఉండాలని, వాటి వెనక కోపం, కలహం ఉండకూడదని చెప్పాడు. కూలి డబ్బులు ఎగ్గొట్టిన చేతులు, ఇంటి ఇల్లాలి మీద లేచిన చేతులు ఆదివారం ఎంత ఎత్తుకు లేచినా పైకి చేరవు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు మోకాళ్ళు ప్రజల కోసం ప్రార్థించి ప్రార్థించి ఒంటె మోకాళ్ళలా గట్టిపడ్డాయని ఒక పాత కథనాన్ని యుసేబియస్ తన సంఘ చరిత్రలో పొందుపరిచాడు. ఆ గట్టిదనం గౌరవించదగ్గది, ఎందుకంటే ఆ మోకాళ్ళు వంగింది ఇతరుల క్షమాపణ కోసం. గెత్సేమనేలో యేసు నేలమీద పడి ప్రార్థించాడని చెప్పుకున్నాం. సువార్త అక్కడ ఆగదు. ఆయన లేచాడు. నిద్రపోతున్న స్నేహితుల దగ్గరికి నడిచాడు, వాళ్ళను లేపాడు, దీపాలతో కత్తులతో వస్తున్నవాళ్ళకు ఎదురుగా వెళ్ళాడు. మోకాళ్ళ మీద తండ్రితో అన్న మాటను కాళ్ళమీద నిలబడి నెరవేర్చాడు. ఈ రాత్రి మీరు మంచం పక్కన మోకరించినా, చాప మీద కూర్చుని తల వంచినా, కదల్లేక కళ్ళు మాత్రమే మూసుకున్నా, మనసుకు ఆ కాస్త సాయం చెయ్యండి. పొద్దున లేచి మొదట ఎవరి దగ్గరికి నడవాలో, ఎవరిని క్షమించాలో, ఎవరి బాకీ తీర్చాలో ఆ మోకాళ్ళే మీ మనసుకు నేర్పుతాయి.